టు-లెట్ బోర్డు చేయించిన ఉపవాసం

లోకంలో భక్తి తగ్గిపోతోందని బెంగపడే పెద్దలందరికీ మేమొక శుభవార్త తెచ్చాం. భక్తిని గుడి కాపాడలేకపోవచ్చు, చర్చి కాపాడలేకపోవచ్చు. టు-లెట్ బోర్డు కాపాడి తీరుతుంది!

నవ్వకండి. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును, శాకాహారులకు మాత్రమే" అని గేటుకు వేలాడే రేకు ముక్కను చూడగానే మీకు ఒళ్లు మండుతుంది. మాంసం తినేవాడు మనిషి కాడా అని వాదనకు దిగుతారు. ఆ రేకు ముక్క ఎన్ని మేకల ప్రాణం నిలబెట్టిందో, ఎందరి కొలెస్ట్రాల్ తగ్గించిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆర్మూరు కోళ్లకే గనక చందాలు పోగుచేసే తెలివి ఉంటే, ఈపాటికి అంగడిబజారు మలుపులో ఇంటి ఓనర్లకు ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, మైకు కూడా పెట్టేవి.

మా మాట మీద నమ్మకం లేకపోతే ప్రభుదాసు సంగతి వినండి.

ప్రభుదాసు ఆర్మూరులో పశువుల దవాఖాన అటెండరు. డాక్టరుగారు మీటింగులకు పోయిన రోజున ఆయనే డాక్టరు. డాక్టరుగారికి మీటింగులు ఎక్కువ. అందుచేత పెర్కిట్ నుంచి వేల్పూర్ దాకా ఆయన చెయ్యి పడని బర్రె లేదు. రైతులు ఆయనను అక్షరం తగ్గకుండా "డాక్టర్ సాబ్" అనే పిలుస్తారు, బర్రె లేచి నిలబడేదాకా.

ఆయనకు లేనిదల్లా ఒక ఇల్లు. అంటే ఉంది, రాజమల్లు దగ్గర అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. ఆ ఏడు పసుపు బాగా పండింది, రేటు మాత్రం నేల మీద పడుకుంది. రేటు లేచేదాకా బస్తాలు ఎక్కడ దాచాలా అని నాలుగు దిక్కులూ చూసిన రాజమల్లుకు తన పెంకుటిల్లే కనిపించింది. ఇంట్లో ఉన్న మనుషులను ఉగాదికల్లా ఖాళీ చేయించి పసుపును దింపాలని నిర్ణయించాడు. చూశారా, పసుపుకు ఇల్లు దొరకడం ఎంత తేలికో! అది ఏం తింటుందో ఎవరూ అడగరు.

ఉగాది దాటిన మూడో నాడే ప్రభుదాసు కూతురు శ్యామలకు పదో తరగతి పరీక్షలు మొదలు. పిల్ల తెలివైంది. ఈ ఒక్క గట్టు దాటితే నిజామాబాద్‌లో ఇంటర్ చదివించాలని ఆయన కోరిక. అలాంటి పిల్ల పరీక్షల వేళ సామాన్ల ఆటోలో, మంచం కోళ్ల మధ్య కూర్చుని లెక్కలు చేసుకోవాలా? ఈ దిగులుతో ఆయనకు ముద్ద దిగడం లేదు.

జనవరి నుంచి ఏడు ఇళ్లు చూశాడు. మొదటి ఇంటాయన పేరు అడిగాడు. పేరు వినగానే అల్లుడు వచ్చి ఉంటానన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. రెండో ఇల్లు గంట కిందటే అద్దెకు పోయిందట. గంట కిందట అద్దెకు పోయిన ఆ ఇంటికి నెల తరువాత కూడా బోర్డు వేలాడుతూనే ఉంది. మరొకాయన వాస్తు తెలిసినవాడు. "నీ పేరు బలానికి మా గడప తట్టుకోదు" అని ప్రభుదాసు మేలు కోరే చెప్పాడు. ఆ మిగతా నలుగురి గురించి రాయడం స్థలం దండుగ.

ఎనిమిదో ఇల్లు బాబురావుది. కింద బాబురావు, ఆయన భార్య కమలవ్వ ఉంటారు. వెనక కొట్టంలో ఒక చూడి బర్రె. మీద రెండు గదుల వాటా, నల్లా, తూర్పుకు కిటికీ. వీధి దాటితే పరీక్షల సెంటరు. గేటుకు మనం చెప్పుకున్న బోర్డు.

బాబురావుకు ప్రభుదాసు కొత్త కాదు. ఆ బర్రెకు సూదులు వేసిందీ, నిరుడు దానికి పొదుగువాపు వస్తే పదిరోజులు పొద్దున్నే వచ్చి మందు రాసిందీ ఆయనే. ఆయన మందు రాసిన పొదుగు నుంచే బాబురావు ఇంట్లోకి పాలు పోయాయి. అందుకేనేమో బాబురావు మిగతా ఏడుగురిలా మొహం తిప్పుకోలేదు. అరుగు మీద నిలబడి మెత్తగానే మాట్లాడాడు.

"నువ్వు మంచోనివే ప్రభుదాసూ. గని మీరు నీసు తింటరు గద. మా ఇంట్ల గా వాసన పడదు."

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి బాబురావుకు నమస్కరించండి. ఏడుగురూ ఏవో సాకులు చెప్పి పంపించారు, ఈయన కారణం చెప్పాడు! పదహారేళ్లు పశువుల దవాఖానలో పనిచేసినవాడికి ఒకటే సత్యం తెలుసు. రోగం పేరు తెలిస్తే మందు ఉంటుంది. ప్రభుదాసు గాలిలో తేలుతున్నట్టు ఇంటికి వచ్చాడు. ఇంతకాలం తనకు ఇల్లు దొరకకపోవడానికి కారణం కోడికూర అన్నమాట. ఇంత చిన్న సంగతా!

పైగా వేళ కూడా కలిసొచ్చింది. భస్మ బుధవారం ఆ వారమే. ఈస్టరు దాకా నలభై రోజుల శ్రమకాలం, క్రైస్తవుల ఉపవాస దినాలు. ఏటా శ్రమకాలంలో ప్రభుదాసు మానేసేది బీడీ ఒక్కటే, అదీ మొదటి శుక్రవారం దాకా. ఈసారి మాత్రం బుధవారం నాటి ఆరాధనలో నుదుట బూడిద పెట్టించుకుని, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవమనగానే అందరికంటే ముందు లేచాడు. ఈ నలభై రోజులూ మాంసం, చేప, గుడ్డు ముట్టనన్నాడు. అక్కడితో ఆగితే బాబురావుకు సమానం అవుతాడు, అంతే. మనసులో ఏం తోచిందో, పాలు, పెరుగు, నెయ్యి కూడా కలిపేశాడు. జంతువు నుంచి వచ్చింది ఏదీ వద్దన్నాడు. పాస్టరు ప్రేమ్‌చంద్ అయ్యగారికి కళ్లు చెమర్చాయి. ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. వాళ్ల మధ్యన కూర్చున్న ప్రభుదాసు భార్య కరుణశ్రీ మాత్రం తల ఎత్తి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే అడిగింది. నలభై దినాలు అయినంక ఏం జేస్తవ్ అని. ఒకసారి ఇంట్లో దిగినంక ఎవరూ వెళ్లగొట్టరనీ, కిటికీలు మూసి వండుకోవచ్చనీ ప్రభుదాసు చెప్పాడు. దేవుడు ఆ మాట విన్నాడో లేదో మాకు తెలియదు.

ఉపవాసం మొదలైన గురువారం పొద్దున ప్రభుదాసు పాలు లేని చాయ తాగాడు. ఒక్క గుక్కతో ఆయనకు ఇంతకాలం తను గొట్టం పెట్టి మందు తాగించిన బర్రెలన్నిటి మీదా జాలి కలిగింది. మధ్యాహ్నం టిఫిను డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర. రాత్రి పచ్చిపులుసు, పెసరపప్పు. శుక్రవారం పుంటికూర, పచ్చిపులుసు. శనివారం ఏమిటో మీరే ఊహించుకోండి. ఆదివారాలు లెక్కలోకి రావు, ఆ ఒక్కరోజు తినవచ్చని అయ్యగారే చెప్పారు. ప్రభుదాసు ఒప్పుకోలేదు. ఆదివారమైతే మాత్రం ఇంటాయన ముక్కుకు సెలవు ఉంటుందా?

ఇక ఆ ఉపవాసం తెచ్చిన వైభోగం చూడండి! పదహారేళ్లుగా "నీ మేలు మరువ" అనే మాట తప్ప మరేమీ ఇవ్వని వేల్పూర్ లింగన్న, సరిగ్గా మూడో రోజున నాటుకోడిని కాళ్లు కట్టి దవాఖానకు తెచ్చాడు. పసుపు తవ్వకాలు అయిపోయిన ఇళ్లలో యాటలు, అంటే మేకలూ గొర్రెలూ, తెగుతున్నాయి. ప్రతి దావతుకూ పిలుపే. తినేవాడిగా ఉన్నంతకాలం ఎవరికీ గుర్తురాని ప్రభుదాసు, మానేయగానే ఊరందరికీ చుట్టమయ్యాడు. మీకు బంధుప్రీతి కావాలా? రేపే ఉపవాసం మొదలుపెట్టండి!

అన్నింటికీ ఆయన చేతులు జోడించి, శ్రమకాలం, ముట్టనని చెప్పాడు. కాస్త గట్టిగానే చెప్పాడు. బాబురావు గేటు ముందు మరికాస్త గట్టిగా చెప్పాడు. వారం తిరిగేసరికి ప్యాంటుకు బెల్టు వదులైంది, కొత్త బొక్క పొడిపించుకోవాల్సి వచ్చింది. కానీ మొహంలో ఒక కళ వచ్చింది. చర్చిలో పిల్లలకు ఆయన్ని చూపించి బుద్ధులు చెప్పసాగారు. ఇదంతా ఎవరి చలవ? ఒక రేకు ముక్క చలవ!

పదో రోజున బాబురావును కలిసి తన సంగతి విన్నవించుకుంటే ఆయన సంతోషించాడు. మంచిదే గాని, నోటిమాటనే గద, తింటలేవని ఎవరు చూసొచ్చిన్రు అన్నాడు. తప్పేముంది? అద్దెకిచ్చేవాడు ఆమాత్రం అడగడా?

ఇక్కడే ప్రభుదాసు ఒక పొరపాటు చేశాడు. పశువుల దవాఖానలో పనిచేసేవాడు తప్ప మరొకడు చేయలేని పొరపాటు. దవాఖానలో ఏ పశువైనా సంత దాటాలన్నా, లోను రావాలన్నా సర్టిఫికెట్ ఉండాలి. ఫలానా పశువుకు ఫలానా రోగం లేదు అని సంతకం, స్టాంపు పడితే ఇక ఎదురు ప్రశ్న ఉండదు. మనిషికి మాత్రం ఎందుకు పనికిరాదు? ఆయన నేరుగా ప్రేమ్‌చంద్ అయ్యగారి దగ్గరికి పోయి తనకొక సర్టిఫికెట్ కావాలన్నాడు.

అయ్యగారు ముప్పై ఏళ్ల సేవలో బాప్తిస్మానికీ, పెళ్లికీ, సమాధికీ కాగితం ఇచ్చారు గాని పుంటికూరకు ఇవ్వలేదు. అయినా ఒక విశ్వాసి పట్టుదల చూసి కాదనలేకపోయారు. డీటీపీ సెంటరులో టైపు చేయించారు. "ఈ పత్రము తెచ్చిన ప్రభుదాసు భస్మ బుధవారము మొదలుకొని మాంసము, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి ముట్టియుండలేదని ధ్రువీకరించడమైనది." కింద సంతకం, చర్చి ముద్ర. మీద చర్చి పేరు, నడుమ పెద్ద సిలువ.

కరుణశ్రీ ఆ కాగితాన్ని కాసేపు చేతిలో పట్టుకుని చూసింది.

"గింత పెద్ద సిలువ ఉన్న కాయితం ఆయనకు చూపిస్తవా?"

"సర్కారు కాయితానికి సింహాలు లేవా?" అన్నాడు ప్రభుదాసు.

బాబురావు కళ్లద్దాలు తెప్పించుకుని మరీ చదివాడు. కింది భాగం ఒకసారి చదివాడు. మీది భాగం మూడుసార్లు చదివాడు. మడిచి తిరిగి చేతిలో పెడుతూ హోలీ పున్నమి పోనీ, చెప్తా అన్నాడు. లోపలి నుంచి కమలవ్వ చాయ తెచ్చింది. పాలు పోసిన చాయ అని ఆయన తీసుకోకపోతే ఆమె నొచ్చుకుంది. భర్త వంక ఒకసారి చూసి, కప్పు తీసుకుని లోపలికి పోయింది.

హోలీ పున్నమి పోయింది. రాజమల్లు రోజుకొకసారి వచ్చి గోడలు కొలుచుకుంటున్నాడు. ఏ మూలన ఎన్ని బస్తాలు పడతాయో ఆయన పైకి అంటుంటే, ఆ మూలనే కూర్చుని శ్యామల సోషల్ బట్టీ పడుతోంది. ప్రభుదాసు మాత్రం ధీమాగా ఉన్నాడు. కాగితం చూపించాడు కదా! రెండు అట్టపెట్టెల్లో గిన్నెలు సర్ది తాడు కూడా కట్టేశాడు.

ఆ తరువాతి ఆదివారం ఆరాధన ముగించుకుని బయటికి వస్తుంటే బాబురావు ఫోను చేశాడు. ప్రభుదాసు రెండో మోతకే ఎత్తాడు. ఇల్లు సంగతే అనుకున్నాడు. కాదు, బర్రె నొప్పులు పడుతోంది, దుడ్డె అడ్డం తిరిగినట్టుంది, జర తొందరగా రమ్మన్నాడు. ప్రభుదాసు తెల్లచొక్కా మీదనే పరుగెత్తాడు.

రెండు గంటలు పట్టింది. మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, కాళ్లు సర్ది, తాడు కట్టి లాగితే చివరికి దుడ్డె బయటపడింది. ఆడ దుడ్డె. బర్రె దాన్ని నాకుతుంటే ప్రభుదాసు గడ్డి మీద చతికిలబడ్డాడు. అప్పుడు తెలిసింది వాసన. మేడ మీద నుంచి వస్తోంది. మసాలా బాగా పట్టిన యాటకూర వాసన. నవ్వులు, గిన్నెల చప్పుడు, చిన్నపిల్లల అరుపులు.

కమలవ్వ వేన్నీళ్లు, సబ్బు తెచ్చి పెట్టింది. ఆయన కళ్లలోకి చూడలేదు.

"మీద కిరాయికి వచ్చినోళ్ల పిల్లగానికి పుట్టెంట్రుకలు," అంది. "మొన్న బుధవారం దిగిన్రు."

ప్రభుదాసు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. కడిగిన చేతినే మళ్లీ కడిగాడు. ఇల్లు పోయిందన్న దుఃఖం కంటే ముందు ఆయనకు సిగ్గేసింది. సర్టిఫికెట్ పట్టుకుని తిరిగినందుకు సిగ్గు. అట్టపెట్టెలకు తాడు కట్టినందుకు సిగ్గు. కూతురికి కిటికీ చూపిస్తానని చెప్పినందుకు మరీ సిగ్గు.

అంతలో మెట్ల మీది నుంచి బాబురావు కేకేశాడు, పైకి వచ్చి తినిపొమ్మని. మనిషి ఉదారుడు! ప్రభుదాసు మెట్లెక్కాడు. ఇన్ని రోజులూ ఆయనను ఎవరూ ఎక్కించని మెట్లు అవి. పైన తూర్పు కిటికీ ఉంది, అనుకున్నదానికంటే పెద్దది. దాని కింద ఒక బల్ల పట్టేంత చోటు. నల్లా ఉంది. తిప్పితే నీళ్లు కూడా వచ్చాయి.

కిరాయికి దిగినాయన పేరు శ్రవణ్‌కుమార్, విత్తనాల కంపెనీలో ఆఫీసరు. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. బంతిలో చోటు చూపించి స్వయంగా విస్తరి వేశాడు. ప్రభుదాసు అన్నంలోకి పప్పుచారు ఒక్కటే పోయించుకున్నాడు. ఎదుటి బంతిలో బాబురావు మూలుగబొక్కను నోట్లో పెట్టుకుని కళ్లు మూసి పీలుస్తున్నాడు. పాఠకులారా, దృశ్యాన్ని మనసారా చూడండి. శాకాహారులకు మాత్రమే ఇచ్చిన ఇంట్లో అరవై మంది భోంచేస్తున్నారు. అందులో శాకాహారి ఒక్కడే, ఆ ఇల్లు ఎవరికి ఇవ్వలేదో ఆయన!

ఉండబట్టలేక ప్రభుదాసు శ్రవణ్‌కుమార్‌ను మెల్లగా అడిగాడు.

"మీరు వచ్చేటప్పుడు, ఏం తింటరని సారు అడగలేదా?"

"లేదన్నా. ఇంటిపేరు అడిగిండ్రు, చెప్పిన. తాళంచెవి ఇచ్చిండ్రు."

ఆ కుర్రవాడు మామూలుగానే చెప్పి చారుబకెట్టు తీసుకుని ముందుకు పోయాడు. ఆ మాట బాబురావు చెవిన పడింది. చేతిలోని బొక్కను విస్తరి అంచున పెట్టాడు. మొహమాటాన్ని కడుక్కోవడానికి ఆయన దగ్గర ప్రేమ తప్ప మరో సాధనం లేకపోయింది.

"ఒక్క తునక ఏసుకో ప్రభుదాసూ. ఇల్లు ముచ్చట అయిపాయె. ఇగ ఎవరి కోసం గీ ఉపాసం?"

ఎవరి కోసమో బాబురావుకు మొదటి నుంచీ తెలుసన్నమాట. పద్దెనిమిది రోజుల పుంటికూరనూ ఆయన అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడన్నమాట. ప్రభుదాసు విస్తరి వదిలి లేవబోయి, అన్నాన్ని అవమానించడం ఎందుకని ఆగాడు. చివరి మెతుకు దాకా తిని, విస్తరి మడిచి, లేచి నిలబడ్డాడు.

"గిన్ని దినాలు మీ కోసమే ఉన్న పటేలా. ఇగ ఇయ్యాల్టి నుంచి దేవుని కోసం మొదలు పెడత."

బంతిలో ఎవరికీ అర్థం కాలేదు. బాబురావుకు అయింది. ఆ తరువాత ఆయన బొక్క జోలికి పోలేదని శ్రవణ్‌కుమార్ మాతో చెప్పాడు. మేము నమ్మలేదు.

ప్రభుదాసు కిందికి దిగేసరికి కమలవ్వ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన గిన్నె, మొదటి జున్నుపాలు. నువ్వు ముట్టవని తెలుసు, పిల్ల కోసమని చెప్పింది. ఆయన తీసుకున్నాడు. పిల్ల ఏ బోర్డూ చదివి ఉపవాసం మొదలుపెట్టలేదు కదా.

ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కరుణశ్రీ తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. మీదు మిక్కిలి, ఆమె వారం కిందటే రాజమల్లు కాళ్లకు అడ్డం పడి బేరం కుదుర్చుకుని ఉంది. పరీక్షలు అయ్యేదాకా సగం ఇంట్లో బస్తాలు, సగం ఇంట్లో వీళ్లు. మనం ఏం తింటమో బస్తాలకు పని లేదు అందామె. ఉగాది నాటికి పసుపు దిగింది. ఆ ఘాటుకు మొదటి రెండు రోజులు తుమ్ముతూ, ఆ తరువాత అలవాటు పడి, ఐదు బస్తాల ఎత్తున కాళ్లు చాపుకుని కూర్చుని శ్యామల పరీక్షలకు చదివింది. కిటికీ లేదు గాని ఎత్తు బాగుంది.

ప్రభుదాసు ఈస్టరు దాకా నీసు ముట్టలేదు. సర్టిఫికెట్ అడగలేదు, గేట్ల ముందు గట్టిగా చెప్పలేదు. ఆ మిగతా రోజుల్లోనే పాలు లేని చాయ నోటికి హితవుగా తగిలిందని ఆయన మాతో అన్నాడు.

కనుక ఇంటి ఓనర్లకు మా విన్నపం. మీ బోర్డులు భక్తిని పెంచుతున్నాయి, ఆరోగ్యాన్ని పెంచుతున్నాయి, మేకలను పెంచుతున్నాయి. అందుకు ఊరు మీకు రుణపడి ఉంది. కాకపోతే ఆ రెండో వరుస ఒక్కటి చెరిపేయండి. కూర గురించి రాయకండి. మీరు నిజంగా ఏం చూసి తాళంచెవి ఇస్తారో ఆ మాటే తెలుగులో, పెద్ద అక్షరాలతో, వచ్చేవాడికి రోడ్డు మీదనే కనబడేటట్టు రాయించండి. పెయింటరుకు అదే కూలి, అదే రేకు. అది రాయించడానికి చేతులు రావడం లేదా? ఎందుకు రావడం లేదో, ఒక్క పూట ఉపవాసం ఉండి ఆలోచించండి.